ఇప్పచెట్టు కింద బొమ్మల పుస్తకం

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లలకు సైన్సు చెప్పడానికి బొమ్మల పుస్తకం అన్నిటికన్నా చవకైన, నమ్మకమైన సాధనం. ఆ వయసులో అక్షరం ఇంకా చేతికి చిక్కి ఉండదు. కన్ను మాత్రం మహా పదునుగా ఉంటుంది. పాఠ్యపుస్తకంలోనూ బొమ్మలుంటాయి గానీ, అక్కడ విషయమంతా అక్షరాల్లో ఉంటుంది, బొమ్మ పక్కన తోడుగా నిలబడుతుంది. బొమ్మల పుస్తకంలో సగం సంగతి బొమ్మే చెప్పాలి. పేజీ తిప్పడం కూడా అందులో భాగమే. ఈ పేజీలో ఆకు మీద గుడ్డు, తిప్పితే ఆకు కొరుకుతున్న పురుగు. ఈ రెండింటి మధ్య ఏం జరిగి ఉంటుందో పిల్లలు ఊహించాలి, తరవాత నిజంగా అలాగే జరుగుతుందా అని చూడాలి. సైన్సు అక్కడే మొదలవుతుంది.

ఇది పాత ఆలోచనే. చెక్ దేశపు విద్యావేత్త కొమీనియస్ 1658లో న్యూరెంబర్గ్ నగరంలో 'ఆర్బిస్ పిక్టస్' అనే పుస్తకం వేయించాడు. నిప్పు, నీరు, పక్షులు, రొట్టెల తయారీ ఇలా ఒక్కో అంశానికి ఒక్కో బొమ్మ, బొమ్మలోని వస్తువులకు అంకెలు, కింద వాటి పేర్లు. తెలుగు ఇళ్లలోకి ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా వచ్చింది సోవియట్ రోజుల్లో, మాస్కో ప్రచురణల రూపంలో. విశాలాంధ్ర ప్రచురణ సంస్థ వాళ్లు వాటిని ఊరూరా అమ్మారు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికతో పెద్ద పిల్లలకు సైన్సు అందించింది. చిన్నపిల్లల పుస్తకాల విషయంలో సికింద్రాబాదు 'మంచి పుస్తకం' చేసిన పని చాలా విలువైనది. ఆగిపోయిన సోవియట్ పుస్తకాలను మళ్లీ అచ్చువేసింది, ఇతర భాషల్లోని మంచి పుస్తకాలను తక్కువ ధరకు తెలుగులోకి తెచ్చింది. ప్రథమ్ బుక్స్ 2015లో 'స్టోరీవీవర్' వెబ్‌సైటు ప్రారంభించాక బొమ్మల పుస్తకాలను ఎవరైనా ఉచితంగా దించుకుని, తమ భాషలోకి మార్చుకుని, అచ్చు తీసుకునే వీలు కలిగింది.

ఇలాంటి పుస్తకాల అవసరం ఎక్కువగా ఉన్న ఒక ప్రాంతాన్ని చూద్దాం. ఖమ్మం దాటి, కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా అడవి. 2016 అక్టోబరులో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఈ ప్రాంతం ఉంది. ఊళ్ల పేర్ల చివర 'గుంపు', 'గూడెం' వినిపిస్తాయి. కోయలు, కొండరెడ్లు ఇక్కడి పాత కాపురాలు. సుమారు 2005 నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని అలజడులకు తట్టుకోలేక వచ్చి స్థిరపడిన గొత్తికోయల గుడిసెలూ చాలా ఉన్నాయి. ఈ ఊళ్లలో పిల్లవాడు మొదట చేరేది అంగన్‌వాడీలో, తరవాత ప్రాథమిక పాఠశాలలో, ఆపైన ఆశ్రమ పాఠశాలలో. సైన్సుకు ప్రత్యేకంగా 'మనం - మన పరిసరాలు' పుస్తకం మూడో తరగతిలో గానీ చేతికి రాదు. అంతకు ముందున్న ఏళ్లలో సైన్సు అందాలంటే బొమ్మల పుస్తకం ద్వారానే అందాలి.

ఇక్కడి పిల్లలకు అడవి గురించి ఏమీ తెలియదనుకుని పాఠం మొదలుపెడితే మొదటి అడుగే తప్పు. పట్నం పిల్లలకు బొమ్మల పుస్తకం చూడని జింకను చూపిస్తుంది. చర్ల పిల్లకు పుస్తకం చేయాల్సిన పని వేరు. రోజూ చూసేదాని లోపల ఏముందో, నేల కింద ఏం జరుగుతుందో, రాత్రి తాను నిద్రపోయినప్పుడు ఏం జరిగిందో అది చూపాలి. ఆపిల్, పెంగ్విన్, మంచుబొమ్మ ఉన్న పుస్తకాలు బడికి రాకూడదని ఎవరూ అనరు. అవి రెండోసారి రావాలి. మొదటి పుస్తకంలో ఇప్పచెట్టు ఉండాలి.

ఇప్పపువ్వునే తీసుకుందాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో చెట్టు ఆకు రాల్చి, కొమ్మల చివర గుత్తులుగా పూస్తుంది. తెల్లవారుజామున పూలు టపటప రాలతాయి. తల్లుల వెంట పిల్లలు కూడా బుట్టలు పట్టుకుని ఏరడానికి వెళ్తారు. లేత పసుపు రంగులో, కండగా, తియ్యగా ఉండే ఆ పువ్వును ఒకటి తీసుకుని వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. అది రెండు వైపులా తెరిచిన చిన్న గొట్టం. లోపలి గోడకు పుప్పొడి తిత్తులు వరసగా అతుక్కుని ఉంటాయి. అడుగున కన్నం. ఆ కన్నంలో ఇంతకు ముందు ఏదో ఉండేది, ఇప్పుడు లేదు. అదెక్కడుంది? తలెత్తి చూస్తే కొమ్మ మీదే ఉంది. గోధుమ రంగు నూగుతో ఉన్న చిన్న గిన్నె, అందులోంచి సన్నటి పోచ ఒకటి బయటికి సాగి ఉంటుంది. గిన్నెలో ఉన్నది అండాశయం. అదే కాయవుతుంది. కింద ఏరుకున్నవి రేకుల గొట్టాలు, కేసరాలు మాత్రమే. అందుకే రాలిన పూలన్నీ ఏరి ఎండబెట్టుకున్నా, జూన్ నాటికి చెట్టు నిండా ఇప్పకాయలుంటాయి, వాటిలోంచి నూనెకు ఇప్పపలుకులు వస్తాయి.

'పుష్పంలోని భాగాలు' అనే పాఠం చాలా చోట్ల మందారం బొమ్మతో మొదలవుతుంది. మందారం మంచి పువ్వే, పెద్దది, భాగాలు తేలిగ్గా కనిపిస్తాయి. కానీ కాయ ఎలా వస్తుందో అది ఇక్కడి పిల్లలకు చూపదు, ఎందుకంటే పెరటి మందారం మామూలుగా కాయ కాయదు. ఇప్పపువ్వుకు నాలుగు పేజీల బొమ్మల పుస్తకం చాలు. మొదటి పేజీలో రాత్రి, పూల మీద వాలిన గబ్బిలాలు. రెండో పేజీలో తెల్లవారుజాము, రాలుతున్న పూలు. మూడో పేజీలో నిలువుగా కోసిన పువ్వు. నాలుగో పేజీలో కొమ్మ మీద మిగిలిన గిన్నె. తియ్యటి రేకుల కోసం వచ్చే గబ్బిలాలు ఒక చెట్టు పుప్పొడిని మరో చెట్టుకు చేరుస్తాయన్న సంగతి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. పిల్లలు నిద్రపోయే వేళ జరిగేది కాబట్టి దాన్ని బొమ్మలోనే చూపగలం.

నేల కింద జరిగేదానికి తాటి టెంక మంచి ఉదాహరణ. చిక్కుడు గింజ మొలక పైకి వస్తుందని పుస్తకాలన్నీ చూపిస్తాయి. తాటి టెంకను మట్టిలో పాతితే దానిలోంచి ఒక గొట్టం కిందికి దిగుతుంది, లేత మొక్కను తనతో నేలలోకి తీసుకుపోతుంది. అక్కడ పిండిపదార్థం చేరి లావెక్కినదే తేగ, తెలంగాణలో చాలా చోట్ల గేగు. టెంకను పగలగొడితే లోపల మెత్తగా, తియ్యగా ఉండే బుర్రగుంజు గట్టి కొబ్బరిలాంటి పదార్థాన్ని కరిగించి, పీల్చి, కిందికి పంపుతూ ఉంటుంది. పిల్లలు తేగలు తిన్నారు, బుర్రగుంజు తిన్నారు. నేలను నిలువుగా కోసినట్టు చూపే ఒక్క బొమ్మతో ఆ రెండింటి మధ్య సంబంధం తెలుస్తుంది. తిన్న రుచి మీద కట్టిన పాఠం మరిచిపోవడం కష్టం.

బొమ్మ తప్పుదారి పట్టించే చోట్లూ ఉన్నాయి. అందులో మొదటిది కొలత. పేజీ నిండా వేసిన దోమను చూసిన పిల్లవాడు అది ఇంటి దోమే అనుకోడు. పక్కనే అసలు సైజు దోమను చిన్నగా వేయాలి, లేదా గోరు బొమ్మ పెట్టాలి. మలేరియా బెడద ఉన్న ఈ ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. మలేరియా దోమ గోడ మీద తోక పైకెత్తి వాలుగా కూర్చుంటుంది, దాని పిల్లపురుగు నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని ఉంటుంది, మామూలు దోమ పిల్లపురుగు తలకిందులుగా వేలాడుతుంది. బొమ్మలో ఈ తేడా చూసిన పిల్లలు గాజు గ్లాసులో వాగు నీళ్లు పోసి సరిపోల్చుకోగలరు.

రెండోది సీతాకోకచిలుక గూడు. ప్రపంచమంతా చదివిన, 1969 నాటి ఎరిక్ కార్ల్ గొంగళిపురుగు పుస్తకంలో సీతాకోకచిలుక దారపు గూట్లోంచి వస్తుంది. నిజానికి మామూలుగా సీతాకోకచిలుకలు అలాంటి గూడు కట్టవు, వాటి ప్యూపా కొమ్మకు బయటే వేలాడుతుంది. దారంతో గూడు కట్టేవి కొన్ని రెక్కల పురుగులు, అంటే పట్టుపురుగు లాంటి జాతులు. గోదావరి పక్క అడవుల్లో మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగు అలాంటిదే. కథగా కార్ల్ పుస్తకం అందమైనది. దాని పక్కన ఒక దసలి గూడు పెడితే చాలు, పుస్తకంలో రాసిందాన్ని కూడా పరీక్షించి చూడవచ్చన్న సంగతి పిల్లలకు ఐదేళ్లకే తెలుస్తుంది.

మూడోది జంతువులకు చొక్కాలు తొడిగి మాట్లాడించడం. టొరంటో విశ్వవిద్యాలయంలో పాట్రీషియా గేనియా బృందం 2014లో ప్రచురించిన పరిశీలనలో, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు వాళ్లకు తెలియని జంతువుల పుస్తకాలు చదివి వినిపించారు. జంతువులు మనుషుల్లా మాట్లాడే పుస్తకం విన్న పిల్లలు ఆ జంతువుల గురించి నిజాలు తక్కువగా నేర్చుకున్నారు, నిజం జంతువులకు కూడా మనుషుల గుణాలు అంటగట్టారు. నక్క, కాకి కథలు మానేయాలని దీని అర్థం కాదు. కథ కోసం చెప్పేది, తెలుసుకోవడం కోసం చెప్పేది వేరని పిల్లలకు తెలియాలి.

కథ కూడా సైన్సు చెప్పగలదని అదే ఏడాది బోస్టన్ విశ్వవిద్యాలయంలో డెబొరా కెలెమన్ బృందం చూపించింది. పదిపేజీల బొమ్మల పుస్తకంలో 'పైలోసా' అనే ఊహాజంతువుల కథ. వాటి ఆహారమైన పురుగులు ఎండ తట్టుకోలేక సన్నటి బొరియల్లోకి దూరాయి. సన్నతొండం ఉన్నవి తిని బతికి పిల్లల్ని కన్నాయి, లావుతొండం ఉన్నవి తిండి లేక తగ్గిపోయాయి, తరాలు గడిచేసరికి మందంతా సన్నతొండాలే. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు ఈ తర్కాన్ని పట్టుకుని వేరే జంతువుకూ వర్తింపజేయగలిగారు. మూడు నెలల తరవాత అడిగినా గుర్తుంది. ప్రకృతివరణం అనే ఈ తర్కం ఇంత చిన్నపిల్లలకు అర్థం కాదని అంతదాకా అనుకున్నవాళ్లే ఎక్కువ.

భద్రాచలం అడవిలో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి భాష. కోయ ద్రావిడ భాషే, తెలుగుకు బంధువే, కానీ వేరే భాష. కోయలో 'ఏరు' అంటే నీళ్లు. తెలుగు టీచరు 'ఏరు పొంగింది' అంటే గోదావరి వైపు చూపిస్తుంది, పిల్లవాడు కుండ వైపు చూస్తాడు. నీటి చక్రం పాఠంలో ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు పిల్లవాడు మొద్దు అనిపించుకుంటాడు. అది అన్యాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో మొదలుపెట్టిన బహుభాషా విద్యా కార్యక్రమంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు తయారయ్యాయి. దారి సరైనదే, అది ప్రతి గూడేనికీ చేరాలి. మాటలు లేని బొమ్మల పుస్తకం ఈ అడ్డంకిని సులువుగా దాటుతుంది. బొమ్మను ముందు కోయలో మాట్లాడుకుని, అదే బొమ్మకు తెలుగు పేరు తరవాత పెట్టుకోవచ్చు.

చదివే తీరు కూడా ముఖ్యం. గబగబా చివరిదాకా చదివి మూసేస్తే మిగిలేది కథ ఒక్కటే. ఒక పేజీ దగ్గర ఆగి 'తరవాత ఏమవుతుంది?' అని అడగాలి. తప్పు జవాబును వెంటనే దిద్దకుండా, తిప్పి చూడనివ్వాలి. పుస్తకం మూశాక బయటికి వెళ్లి చెట్టు చూడాలి, చూశాక మళ్లీ పుస్తకం తెరవాలి. పేజీకీ చెట్టుకూ మధ్య ఈ రాకపోకలు లేకపోతే ఎంత ఖరీదైన పుస్తకమైనా గోడ బొమ్మే.

పుస్తకం కొనడానికి డబ్బు లేని బడికి పాత క్యాలెండరు వెనక వైపు, బొగ్గు, పసుపు చాలు. పిల్లలు చూసి గీసిన ఇప్పపువ్వు ముద్రణ పుస్తకంలోని పువ్వు కన్నా వంకరగా ఉంటుంది, అయినా దాని అడుగున కన్నం ఉంటుంది. ఊరి పెద్దవాళ్లు చెప్పిన పేర్లు కోయలో ఒక పక్క, తెలుగులో మరో పక్క రాస్తే అది ఆ బడి సొంత పుస్తకం. దీనికి ఒక్క చిక్కుంది. పూలు రాలేది బడి నడిచే రోజుల్లో. ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులు వస్తాయి, కాయ పెరిగేది ఆ సెలవుల్లో. అందుకని టీచర్లు, తల్లిదండ్రులు ఒక పని చేయాలి. పుస్తకం చివరి పేజీ ఖాళీగా ఉంచి, సెలవుల్లో చెట్టును చూసి రమ్మని పిల్లలకు చెప్పి పంపాలి. జూన్ రెండో వారంలో బడి తెరిచాక ఆ పేజీలో ఇప్పకాయను పిల్లలే గీస్తారు.