తరుగు ఎవరి ఖాతాలో?

‘రైతుకు అవగాహన లేకపోవడం’ – పంట చేతికొచ్చాక జరిగే నష్టానికి నా విద్యార్థులు తరచూ రాసే కారణం ఇదే. నేను ఒప్పుకోలేను. వాడరేవు, బాపట్ల తీరపు ఇసుక నేలల్లో వేరుశనగ వేసే కౌలురైతుకు కాయ ఎండాలని తెలియదా? పీకిన కాయలో సుమారు 40 శాతం తేమ ఉంటుంది. నిల్వకు అది 8 శాతానికి దిగాలి. లేకుంటే బూజు, దానితో అఫ్లాటాక్సిన్ విషం. ఈ శాస్త్రం బోధించే వ్యవసాయ కళాశాల 1945 నుంచి బాపట్లలోనే ఉంది.

ఎండేదాకా ఆగడానికి కల్లం కావాలి, టార్పాలిన్ కావాలి, అన్నిటికన్నా ముందు అప్పిచ్చినవాడు ఆగాలి. కోస్తాలో పట్టాలు ఎక్కువగా ఆధిపత్య కులాల పేర ఉన్నాయి. కౌలుకు దున్నేవారిలో దళితులు, వెనుకబడిన కులాలవారు అధికం. 2011 చట్టంలో లేని యజమాని అంగీకారాన్ని 2019 చట్టం కౌలుకార్డుకు తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం (అకారణ భయమే). కార్డు లేకుంటే బ్యాంకు అప్పు పుట్టదు. పెట్టుబడి పెట్టిన వ్యాపారికే పచ్చికాయ తోలాలి. ఆయన తేమ పేరిట తరుగు తీస్తాడు. ముందే మాట్లాడుకున్న కౌలులో మాత్రం యజమాని తరుగు తీయడు.

కాయ దూసే కూలి స్త్రీల సంగతి ఏ నష్టాల లెక్కలోనూ కనబడదు. నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించిన అఫ్లాటాక్సిన్‌ను ఐరోపా కూటమి ఒప్పుకోదు. ఏరివేతలో పక్కకు తీసిన ముడత గింజను మనవద్ద ఎవరూ పారబోయరు. చౌక నూనెకో, కూలి ఇంటి పచ్చడికో చేరే ఆ గింజను కొలిచేవారు లేరు.