తొలి ఆటకు తగిన గేమ్ ఇంజను

చిరకాలము ప్రోగ్రాములు వ్రాసి చేయి తిరిగిన సోదరీమణులకు, తమ యింటి పిల్లలకొఱకు ఒక చిన్న ఆటను స్వయముగా తయారుచేయవలెనను కోరిక కలుగుట సహజము. అప్పుడు మొదట ఎదురగు ప్రశ్న, ఏ గేమ్ ఇంజనును గ్రహింపవలెననునది. ఈ విషయమున మేము చేసిన పొరపాటును, పిదప నేర్చిన పాఠమును పాఠికలకు విన్నవించుచున్నాము.

గేమ్ ఇంజను సకల సామగ్రితో అమర్చిన వంటయిల్లు వంటిది. తెరపై బొమ్మలు గీయుట, వ్రేలితాకుడును గుర్తించుట, శబ్దములు వినిపించుట మొదలగు పనులకు వలయు సాధనములు అందు సిద్ధముగా నుండును. ఆట నియమములను మనము వ్రాసికొనవలెను.

మేము హైదరాబాదున 14 ఏండ్లు ఉద్యోగము చేసి, ఖమ్మము జిల్లా బోనకల్‌లోని యింటికి వచ్చిన పిమ్మట, వామనగుంటలను ఫోనులో ఆడుకొనునట్లు చేయ సంకల్పించితిమి. ఇంత అనుభవము గల మాకు పరుల ఇంజను ఏల యను అహంకారముతో దానిని గూడ మేమే నిర్మింప మొదలిడితిమి. ఆఱు మాసములు గడచెను. ఒకనాడు అత్తగారు వామనగుంటల పీట ముందు కూర్చుండి, "అమ్మాయ్, పొయ్యి కడుతూనే ఉన్నావు, అన్నం ఎప్పుడు వండుతావు?" అనిరి. ఆమెకు చూపుటకు మాయొద్ద ఒక్క గుంటయైనను లేదు.

అనుభవము తోడ్పడును గాని ఆటపని వేఱు. కార్యాలయపు ప్రోగ్రాము అడిగినదానికి బదులిచ్చి ఊరకుండును. ఆట సాధారణముగా సెకండునకు 60 మారులు తెరను తిరిగి గీయుచుండును. ఈ లయ యెదుట ఎంతటివారును క్రొత్త విద్యార్థినులే.

ఎన్నికకు ముఖ్యముగా మూడు కలవు. 2005లో వెలువడిన యూనిటీకి సీ షార్ప్ భాష. దానికి పాఠములు విస్తారము. 1998 నాటి అన్‌రియల్‌కు సీ ప్లస్ ప్లస్. అది గొప్ప దృశ్యములకు పేరుపొందినది గాని, వామనగుంటలకు పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. అర్జెంటీనా దేశీయు లిద్దఱు ఆరంభించిన గొడాట్ యొక్క మూలము 2014లో అందఱకు ఉచితముగా విడువబడెను. తెలిసిన భాష యున్నదను నొక్క కారణముచే ఇంజనును ఎన్నుకొన నక్కఱలేదు. అనుభవజ్ఞురాలికి క్రొత్త భాష కొలదిదినములలో పట్టుబడును.

భాషకంటె ఒడంబడిక ముఖ్యము. 2023 సెప్టెంబరులో యూనిటీవారు, ఒక హద్దు దాటిన ఆటలకు స్థాపన ఒక్కింటికి ఇంతయని రుసుము విధింతుమని ప్రకటింపగా నిర్మాతలు కలవరపడిరి. మఱుసటి సెప్టెంబరులో అది రద్దయ్యెను. అన్‌రియల్ ఆట రాబడి పదిలక్షల డాలర్లు దాటినచో ఆపై సామాన్యముగా 5 శాతము చెల్లింపవలెను. గొడాట్‌కు అట్టి వాటా లేదు. అద్దెయింట గది కట్టబోవువారు ముందుగా ఒప్పందము చదువుకొనరా? ఏండ్ల శ్రమను నిలుపబోవు ఇంజనును గూర్చియు అంతే.

పిమ్మట మేము యూనిటీకి ఒక వారము, గొడాట్‌కు ఒక వారము కేటాయించి, రెండింటను ఒకే పని చేసితిమి: 14 గుంటలు, 70 గింజలు, ఒక్క పందెము. మా పాత కంప్యూటరుపై గొడాట్ తేలికగా నడచుటచే దానినే నిలుపుకొంటిమి. మూడవ వారమున అత్తగారి చేతికి ఫోను ఇచ్చితిమి. ఆమె ఒక నిమిషము చూచి, "గింజలన్నీ ఒక్కసారే పడితే లెక్క ఎట్లా తెలుస్తుంది? ఒక్కొక్కటీ రాలాలి" అనిరి. ఏ ఇంజనును మాకు చెప్పని మాట యది.

సోదరీమణులారా! శ్రేష్ఠమైన ఇంజను ఏదియని నెలలతరబడి వాదింపకుడు. ఒడంబడిక చదివి, చిన్న ఆటతో పరీక్షించి, దేనియందు మీ ఆట పూర్తియై ఇంటివారి చేతికి చేరునో దానినే గ్రహింపుడు.