ఇంటికి తిరిగి వస్తే స్థానభ్రంశం సున్నా



ఈసారి ఉపకారవేతనం కోసం వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "చలనం పాఠం నాకు అర్థం కావడం లేదు తాతయ్యా, ప్లస్ వన్‌లో సైన్సు తీసుకోను" అంది. నాకు మనసు చివుక్కుమంది. సుమారు 50 ఏళ్ళ కిందట నేనూ ఆ భయంతోనే బి.కాం.లో చేరాను. ఆ పాఠానికి కావలసినవన్నీ మన తిరువాలంగాడు రైలుస్టేషన్లోనే ఉన్నాయని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. మన ఊరి మీదుగా పోయే లైను అదే. బ్యాంకు గుమాస్తాగా ఏళ్ళ తరబడి ఆ లైన్లోనే చెన్నైకి వెళ్ళి వచ్చాను. లెక్క సులువుగా ఉండటానికి వెళ్ళేటప్పుడు 60 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 60 అనుకుందాం. రోజుకు ప్రయాణించిన దూరం 120 కిలోమీటర్లు. మరి స్థానభ్రంశం? బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటుకు తిన్నగా ఎంత, ఏ దిశలో అన్నదే స్థానభ్రంశం. సాయంత్రం మళ్ళీ ఇక్కడే దిగాను కనుక అది సున్నా. వటారణ్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణ పూర్తిచేసినా అంతే.

పాస్‌బుక్కు చూడండి. 500 రూపాయలు వేసి, 300 తీసి, మళ్ళీ 100 వేశారు. మొత్తం లావాదేవీలు 900. నిల్వలో వచ్చిన మార్పు 300 మాత్రమే. మొదటిది దూరం వంటిది, రెండోది స్థానభ్రంశం వంటిది.

ఇక వడి, వేగం. ఇంట్లో రెండింటినీ వేగమే అంటాం; పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి. దూరాన్ని కాలంతో భాగిస్తే సగటు వడి. 60 కిలోమీటర్లకు గంటన్నర పడితే గంటకు 40 కిలోమీటర్లు. స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే సగటు వేగం. దానికి దిశ కూడా చెప్పాలి. అరక్కోణం వైపు ఒక బండి, చెన్నై వైపు ఒక బండి గంటకు 40 చొప్పున పోతుంటే వాటి వడి ఒకటే, వేగాలు వేరు.

వేగం ఎంత త్వరగా మారుతున్నదో చెప్పేది త్వరణం. స్టేషన్లో కదిలిన బండి 20 సెకన్లలో సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుందనుకోండి. 10ని 20తో భాగిస్తే 0.5. అంటే ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు అర మీటరు చొప్పున పెరిగింది. బ్రేకు వేస్తే వేగం తగ్గుతుంది. అది రుణ త్వరణం. బస్సు ఒకే వడితో మలుపు తిరిగినా దిశ మారుతుంది కనుక అక్కడా త్వరణం ఉన్నట్లే.

ఈ లెక్క మార్కుల కోసమే కాదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే గంటకు 36 కిలోమీటర్లతో వచ్చే రైలు, బ్రేకు వేశాక సెకనుకు అర మీటరు చొప్పున వేగం తగ్గుతూ పోతే 20 సెకన్లకు ఆగుతుంది. సగటు వేగం 5 మీటర్లు కనుక ఆలోగా 100 మీటర్లు ముందుకు వస్తుంది. అదే రైలు గంటకు 72 కిలోమీటర్లతో వస్తే? ఆగడానికి 40 సెకన్లు, సగటు వేగం 20 మీటర్లలో సగం 10 మీటర్లు. మొత్తం 400 మీటర్లు! వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. నిశ్చల స్థితి నుంచి ఒకే త్వరణంతో కదిలే వస్తువు దాటే దూరం కాలవర్గాన్ని బట్టి పెరుగుతుందని గెలీలియో 1638లో అచ్చయిన గ్రంథంలో వివరించాడు. ఆగడం దానికి తిరగబడిన లెక్క.

కనుక నాయనా, బండి దూరంగానే ఉందిలే అని పట్టాలు దాటి పరుగెత్తకండి. డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు వేసినా బండి వెంటనే ఆగలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "సైన్సు మనవల్ల కాదు" అని పిల్లల ముందు అనకండి. రైల్లో పక్కన కూర్చోబెట్టుకుని, బండి కదిలినప్పుడూ ఆగినప్పుడూ ఏం మారిందో అడగండి. ఆ అమ్మాయికి నా పాత పాస్‌బుక్కు చూపించి ఇవే చెప్పాను. బ్రేకు లెక్క తానే చేసింది. "గ్రూపు సంగతి పరీక్షయ్యాక చూద్దాం తాతయ్యా" అంది. నాకు అంతే చాలు.