వేటదూరం – తూటా ఎంపిక: నిజాం కాలపు షికారు నుంచి ఎల్లంతకుంట మక్కచేల దాకా

వ్యాససంగ్రహం: పెద్ద జంతువు వేటకు ఏ తూటా తగినదన్న ప్రశ్నకు సాధారణంగా దాని బలాన్ని చూపి జవాబు చెబుతారు. ఆ కొలత చాలదు. జంతువు ఎంత దూరంలో నిలుస్తుంది, గుండు దానిని దాటిపోతే ఎక్కడ ఆగుతుంది అన్న రెండు విషయాలే ఎంపికను నిర్ణయిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదు సంస్థానపు షికారు పద్ధతులు, ఆయుధ చట్టంలోని నిబంధన, రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంట ప్రాంతంలోని అడవిపంది సమస్య ఇందుకు ఆధారాలు.

కీలక పదాలు: మృగయ, తూటా, గుండు, భర్మారు, మంచె, హాంకా, అడవిపంది, ఎల్లంతకుంట.

1. ప్రవేశిక

విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో మహాకావ్యానికి చెప్పిన వర్ణనాంశాల్లో మృగయ ఒకటి. తెలుగులో మనుచరిత్రలోని స్వరోచి వేట, శ్రీకాళహస్తి మాహాత్మ్యంలోని తిన్నని వేట పాఠ్యాంశాలుగా కూడా సుపరిచితాలు. వీటిని బోధించేటప్పుడు దృష్టి సహజంగా వర్ణనా నైపుణ్యం మీద, ఎరుకల జీవన చిత్రణ మీద నిలుస్తుంది. అయితే వేట అనే క్రియకు మూలమైన అంశం మరొకటి ఉంది. అది దూరం. వలకు ఒక దూరం, ఈటెకు ఒక దూరం, వింటికి మరొక దూరం. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసం పెంపుడు లేడిని ఎరగా నిలిపి అడవి లేళ్లను దగ్గరకు రప్పించే పద్ధతిని వివరిస్తుంది. అక్కడ ఆయుధపు దూరం పెరగలేదు, జంతువే ఆయుధపు దూరంలోకి వచ్చింది.

రైఫిల్ వచ్చాక ఈ సంబంధం తలకిందులైందని, ఇక దూరంతో పని లేదని ఒక భావన ఏర్పడింది. తెలంగాణలో జరిగిన వేటను పరిశీలిస్తే ఆ భావన నిలవదు. పంటచేలలో అడవిపందులను చట్టబద్ధంగా కాల్చవలసి వస్తున్న నేటి పరిస్థితిలో ఇది పుస్తకాలకు పరిమితమైన చర్చ కూడా కాదు.

2. తూటా వేరు, గుండు వేరు

‘ఛాతీలో తూటా దిగింది’ అని పత్రికలు రాస్తుంటాయి. ఛాతీలో దిగేది గుండు మాత్రమే. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే కేపు, లోపల మందు, మూతికి బిగించిన గుండు ఈ నాలుగూ కలిసినదే తూటా. వాడుకలో ఒకే మాట రెండింటికీ చెల్లుబాటు కావడం వల్ల సాంకేతిక చర్చ తెలుగులో సాగించడం కష్టమవుతున్నది. కనీసం పరిశోధన వ్యాసాల్లోనైనా ఈ భేదం పాటించడం అవసరం.

ఈ భేదాన్ని బాగా చూపేది తెలంగాణ పల్లెల్లో పేరుమోసిన భర్మారు. ఆ పేరులోనే దాని పద్ధతి ఉంది: నింపు, కొట్టు. మందును మూతి నుంచి పోసి, పీచు దట్టించి, ఇనుప గుండ్లు వేసి, చివరకు కేపు అమర్చాలి. అంటే భర్మారుకు తూటా లేదు. కాల్చేవాడే ప్రతిసారీ తన చేతి కొలతతో తూటాను తయారు చేసుకుంటున్నాడు. చిటికెడు మందు ఎక్కువైనా, పీచు వదులైనా, ఒక కాల్పుకూ మరొక కాల్పుకూ పోలిక ఉండదు. కార్ఖానా తూటా తెచ్చిన అసలు మార్పు బలం కంటే ముందుగా ఈ పోలిక. మొదటి గుండు ఎక్కడ పడిందో రెండోదీ అక్కడే పడుతుందన్న నమ్మకం కుదిరినప్పుడే దూరాన్ని గురించి ఆలోచించే అవకాశం కలుగుతుంది.

తూటాల పేర్లు మాత్రం దూరాన్నీ చెప్పవు, బలాన్నీ చెప్పవు. ‘.315’ గొట్టపు లోపలి వ్యాసాన్ని అంగుళాల్లో తెలిపే సంఖ్య, సుమారు 8 మిల్లీమీటర్లు. ‘.30-06’లో మొదటి సంఖ్య వ్యాసం, రెండోది అమెరికా సైన్యం ఆ తూటాను స్వీకరించిన 1906వ సంవత్సరం. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. మూలంలో అది ఒక గింజ బరువు. కంసాలి త్రాసులో గురిగింజకు ఇది దాదాపు సగం.

3. దూరం వేసే లెక్క

గుండు గొట్టం వదలిన క్షణం నుంచే కిందికి పడుతూ ఉంటుంది. ఎంత పడుతుందన్నది ఎంతసేపు గాలిలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. .315 తూటాలోని 244 గ్రెయిన్ల బరువైన గుండు సెకనుకు సుమారు 620 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే అది 100 మీటర్లు చేరేసరికి దాదాపు 13 సెంటీమీటర్లు పడుతుంది, 200 మీటర్లకు 51 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే పతనం నాలుగింతలవుతున్నది. సెకనుకు 820 మీటర్ల వేగంతో వెళ్లే 180 గ్రెయిన్ల .30-06 గుండు అదే లెక్కన 100 మీటర్లకు 7, 200 మీటర్లకు 29, 300 మీటర్లకు 66 సెంటీమీటర్లు పడుతుంది. గాలి నిరోధం కలిస్తే ఈ అంకెలన్నీ ఇంకా పెరుగుతాయి.

వీటిని జంతువు దేహంతో పోల్చి చూడాలి. అడవిపందిలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ముందుకాలి వెనుక, దేహపు కింది భాగంలో సుమారు ఒక జానెడు వెడల్పు మాత్రమే. గుండు అక్కడ తగిలితే జంతువు కొద్ది అడుగుల్లో పడిపోతుంది. జానెడు వెనక్కు తగిలితే పేగులు తెగి, గంటల తరబడి బాధపడి చస్తుంది. అందువల్ల పతనం జానెడు దాటని దూరమే ఆ తూటాకు సహజమైన దూరం. అంతకు మించి కాల్చాలంటే దూరాన్ని కచ్చితంగా అంచనా వేయగలగాలి. 150 మీటర్లను 200 మీటర్లుగా పొరబడటం చీకట్లో ఎవరికైనా జరిగేదే. వేగవంతమైన తూటా ఆ పొరపాటును కొంత క్షమిస్తుంది, నిదానమైనది క్షమించదు. దూరపు కాల్పులకు వేగాన్ని కోరడంలోని హేతువు ఇదే.

దగ్గరి దూరంలో పరిస్థితి భిన్నం. ఇక్కడ పతనం లెక్కలోకి రాదు, చొచ్చుకుపోవడం ముఖ్యం. మగపందికి భుజం మీద దళసరి కవచం వంటి చర్మం ఉంటుంది. అతివేగంగా వచ్చిన తేలికపాటి మెత్తని గుండు దాని మీదే చిట్లిపోవచ్చు. బరువైన గుండు నిదానంగా వచ్చినా లోపలికి దిగుతుంది. గుండు నిర్మాణం విషయంలో చరిత్ర ఒక వింతను మిగిల్చింది. కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890లలో తయారైన మెత్తని ముక్కు గుండ్లు దేహంలో వికసించి ఘోరమైన గాయం చేస్తాయని 1899లో హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది. వేటలో మాత్రం అటువంటి గుండే ధర్మమైనది. పూర్తి లోహపు తొడుగున్న సైనిక గుండు జంతువును దూసుకుపోయి, చంపకుండా గాయపరచి, వెనుక ఉన్నవారికి ప్రమాదమవుతుంది.

4. హాంకా, మంచె, ఎక్స్‌ప్రెస్ రైఫిల్

ఈ చర్చ ఇంగ్లీషులో 1860ల నాటికే మొదలైంది. మధ్యభారత అడవుల్లో పనిచేసిన సైనికాధికారి జేమ్స్ ఫోర్సిత్ వేట రైఫిల్, దాని గుండ్ల మీద ఒక పుస్తకమే రాశాడు. నిదానంగా మెలితిరిగే చాళ్లున్న పెద్ద గొట్టం, గుండ్రని గుండు, ఎక్కువ మందు ఉంటే మార్గం చదునుగా ఉంటుందని, వేటగాడు దూరపు అంచనాలతో తికమక పడనక్కరలేదని అతని వాదం. అంటే అతను కోరినది దూరంగా కాల్చే ఆయుధం కాదు. అడవిలో వాస్తవంగా ఎదురయ్యే దూరం వరకు లెక్కలు అక్కరలేని ఆయుధం.

హైదరాబాదు సంస్థానంలో షికారు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో (1869–1911) రాచరికపు వైభవంగా సాగింది. పులివేటలో ఆయనకున్న పేరు జనశ్రుతిలో నేటికీ మిగిలి ఉంది. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ వద్ద వేటాడినప్పుడు రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్రశాల తీసిన చిత్రాలు ప్రసిద్ధం. చచ్చిన పులి వెనుక నిలబడిన దొర, దొరసాని అందులో కనిపిస్తారు. ఆ పులిని తుపాకీ ముందుకు తరిమిన మనుషులు ప్రధాన చిత్రంలో లేరు. హాంకాలో డప్పులు, కేకలతో అడవిని అర్ధచంద్రంగా చుట్టి జంతువును మంచె వైపు నడిపిస్తారు. మంచె మీది వేటగాడికి పులి యాభై గజాల లోపే దొరుకుతుంది. మానసోల్లాసంలోని ఎర లేడి చేసిన పనిని ఇక్కడ వెట్టి మనుషులు చేస్తున్నారు. సంస్థానాల వేటను రైఫిల్ చరిత్రగా మాత్రమే చెప్పేవారు ఈ శ్రమను విస్మరిస్తారు. నిజానికి ఆ తూటాల ఎంపిక మొత్తం దీని మీదే ఆధారపడింది.

దూరం తక్కువ, జంతువు ప్రమాదకరం కావడంతో అప్పటివారు జంటగొట్టాల బరువైన రైఫిళ్లను ఎంచుకున్నారు. నల్లమందు స్థానంలో పొగరాని కార్డైట్ వచ్చాక 1898 నుంచి .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ ప్రాచుర్యం పొందింది. పొగ లేకపోవడం చిన్న విషయం కాదు. నల్లమందు కాల్పు తర్వాత పులి పడిందో, మీదికి వస్తున్నదో కొన్ని క్షణాల పాటు కనిపించేది కాదు. 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో .450 వ్యాసపు ఆయుధాలను పౌరులకు నిషేధించింది. తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత మార్టిని-హెన్రీ సైనిక రైఫిళ్లకు ఆ సామగ్రి అందుతుందన్నది దాని భయం. లండన్ తుపాకీ సంస్థలు వెంటనే .465, .470 వంటి దగ్గరి వ్యాసాలను రంగంలోకి తెచ్చాయి. .470లో 500 గ్రెయిన్ల గుండు సెకనుకు సుమారు 655 మీటర్ల వేగంతో వెళుతుంది. వేటగాడి అవసరం మారలేదు, ప్రభుత్వపు భయం వల్ల తూటా పేరు మారింది.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ జిమ్ కార్బెట్ వాడిన .275 రిగ్బీ. అది జర్మనీ 7 మి.మీ. మౌజర్ తూటాకు మరో పేరు. కొండల్లో నడుస్తూ వేటాడేవాడికి తేలికైన రైఫిల్ కావాలి. దగ్గరలో పులిని ఎదుర్కోవలసిన వేళకు ఆయన వద్ద .450/400 జంటగొట్టపు రైఫిల్ కూడా ఉండేది. ఒకే మనిషి రెండు దూరాలకు రెండు తూటాలు ఉంచుకున్నాడు.

5. మక్కచేను అంచున

ఎల్లంతకుంట మండలం గుట్టలు, చెరువులు, చిన్నచిన్న పొలాల నేల. ఇక్కడి అనంతగిరి వద్ద నిర్మించిన అన్నపూర్ణ జలాశయం సామర్థ్యం 3.5 టీఎంసీలు. జగిత్యాల, కోరుట్ల వైపు పసుపు, మక్క, సిరిసిల్ల వైపు వరి, మక్క ప్రధానం. కంకి పాలు పోసుకునే వేళ అడవిపందుల గుంపు ఒక రాత్రిలో చేనంతా తొక్కి పడేస్తుంది. మంచె కట్టి కాపలా, డబ్బా చప్పుడు, చీరల కంచె విఫలమైనచోట కొందరు కరెంటు తీగలు పెడుతున్నారు. వాటికి పందులతో పాటు పశువులు, మనుషులు బలవుతున్నారు. చట్టబద్ధమైన కాల్పుల ప్రసక్తి ఇక్కడ వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మనుషులకు గాని నిలిచిన పంటతో సహా ఆస్తికి గాని ప్రమాదకరమైన జంతువును చంపడానికి అధీకృత అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది.

ఏ ఆయుధమన్న విషయంలో 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ ఆసక్తికరమైనది. ఆత్మరక్షణకు, క్రీడకు 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టపు తుపాకీని, పంటరక్షణకు మూతి నుంచి నింపే తుపాకీని అది ప్రత్యేకంగా పేర్కొన్నది. రైతుకు చట్టం ఊహించిన ఆయుధం భర్మారే. అంటే చట్టం మనసులో ఉన్న దూరం ముప్పై నలభై అడుగులు. పందిని చంపడం కంటే బెదిరించడానికే అది సరిపోతుంది. చేతి కొలత మందుతో, ఇనుప ముక్కలతో చేసే ఆ కాల్పు పందిని చంపిన సందర్భాల కంటే గాయపరచి వదిలే అవకాశమే ఎక్కువ.

అనుమతి పొందిన షూటర్ ముందు సాధారణంగా మూడు మార్గాలుంటాయి: ఒకే గుండు వేసిన 12 బోరు, ఇషాపూర్ కర్మాగారపు .315, మరింత శక్తిమంతమైన .30-06. మక్కచేను అంచున టార్చి వెలుగులో పంది కనిపించేది ముప్పై నుంచి అరవై మీటర్లలో. యాభై మీటర్ల లోపు 12 బోరు గుండు, వంద లోపు .315 ఆ పని సమర్థంగా చేస్తాయి. .30-06కు ఉన్న చదునైన మార్గం రెండు వందల మీటర్ల తర్వాతే అక్కరకు వస్తుంది. ఈ చేలలో ఆ దూరం కనిపించదు. బీహారులో 2015 చివర కేంద్రం హానికర జంతువుగా ప్రకటించిన నీల్గాయిని గంగా మైదానపు విశాలమైన పొలాల్లో కాల్చవలసి వచ్చినప్పుడు ఆ తూటాకు అర్థముంది. ఎల్లంతకుంటలో దాని లాభం మిగలదు, ప్రమాదం మిగులుతుంది. గురి తప్పిన రైఫిల్ గుండు మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. ఆ పరిధిలో ఇక్కడ ఊరు లేని దిక్కు అరుదు. గుట్టబండకు తగిలితే ఎటు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ కారణంగా తూటా కంటే ముందు మంచెను గురించి ఆలోచించాలి. పది పన్నెండు అడుగుల ఎత్తు నుంచి నలభై మీటర్లలోని పందిని కాల్చితే గుండు ఏటవాలుగా దిగి, దేహాన్ని దాటినా ఎదుటి మడిలో పూడిపోతుంది. నేల మీద నిలబడి కాల్చితే అదే గుండు చేను దాటి బాటకు చేరుతుంది. పంటకాపు రైతు కట్టుకున్న మంచె, రాజుల షికారు మంచె ఇక్కడ ఒకే పని చేస్తున్నాయి. ఒకే తేడా, ఇప్పుడు ఆ ఎత్తు పందిని చూడటానికి మాత్రమే గాక ఊరిని కాపాడటానికి కూడా.

గాయపడిన పంది మక్కలోకి దూరితే రాత్రివేళ దానిని వెతకడం ప్రాణాంతకం. తెల్లవారి రక్తపు జాడ పట్టుకొని వెళ్లవలసిందే. 39వ సెక్షన్ ప్రకారం 11వ సెక్షన్ కింద వేటాడిన జంతువు రాష్ట్ర ప్రభుత్వపు ఆస్తి. రైతుకు గాని, షూటర్‌కు గాని దాని మాంసం మీద హక్కు లేదు. కళేబరాన్ని అటవీ సిబ్బందికి అప్పగించి, ఏ చోట ఎన్ని గుండ్లు తగిలాయో వారికి చూపాలంటే ముందు అది పడిన చోటనే దొరకాలి.