ఇల్లు అప్పిచ్చే ముందు

2016 జూలైలో ఒక రాత్రి మా వంటింటి కప్పు నుంచి పళ్ళెమంత పెచ్చు ఊడి గ్యాస్ పొయ్యి మీద పడింది. మా ఆవిడ అప్పుడే పాలగిన్నె దించుకుని హాల్లోకి వచ్చింది కాబట్టి సరిపోయింది. నిచ్చెన వేసుకుని చూస్తే ఇనుప చువ్వ బయటపడి ఉంది. వేలితో గీకితే అప్పడంలా పొరలు పొరలుగా రాలింది.

ముంబైకి నేను 1991లో ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను. మూడేళ్ళుండి మనవైపు వెళ్ళిపోదామనుకున్నవాణ్ణి, పిల్లల చదువులతో ఇక్కడే ఉండిపోయాను. 1996లో స్టాఫ్ హౌసింగ్ లోన్‌తో చెంబూరులో ఒక పాత ఫ్లాటు కొన్నాను. 1979లో కట్టిన బిల్డింగు. నాలుగు అంతస్తులు, 24 ఫ్లాట్లు, లిఫ్టు లేదు. లోను తీరింది, నేను రిటైరయ్యాను. ఇక ఇంటి బాధ తీరిందనుకున్న సమయంలో ఆ పెచ్చు ఊడింది.

ఆ రాత్రి మొదలైన వ్యవహారం కొత్త ఇంటి తాళంచెవి చేతికొచ్చేదాకా తొమ్మిదేళ్ళు సాగింది. మన బ్యాంకు కుటుంబాల్లో చాలామందివి ఇరవై, ముప్పై ఏళ్ళ నాటి ఫ్లాట్లు. అందుకే నేను నేర్చుకున్నది ఇక్కడ చెబుతున్నాను.

కాంక్రీటుకూ వయసుంది

కొత్త కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. ఆ గుణమే లోపలి చువ్వను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి చేరి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. సముద్రతీర నగరాల్లో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. రక్షణ పోయిన చువ్వకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. పైన సిమెంటు పూసి రంగు వేస్తే మచ్చ కనిపించదు, లోపల తుప్పు మాత్రం ఆగదు. మేము పదేళ్ళపాటు చేసింది అదే.

మా బిల్డింగును పరీక్షించిన ఇంజినీరు ఒక స్తంభంలోంచి చిన్న కాంక్రీటు ముక్క తీసి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాడు. క్షారం మిగిలి ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు మారదు. మా ముక్కలో గులాబీ రంగు మధ్యలో మాత్రమే వచ్చింది. చువ్వ చుట్టూ రంగే లేదు.

ముప్పై ఏళ్ళు దాటిన కట్టడాలకు నిర్మాణ పటుత్వ పరీక్ష చేయించాలని ముంబై కార్పొరేషన్ చట్టం చెబుతుంది. ఫలితాన్ని బట్టి బిల్డింగులను వర్గాలుగా విడదీస్తారు. సీ1 అంటే వెంటనే ఖాళీ చేసి కూల్చాల్సినది. సీ2ఏ అంటే ఖాళీ చేయించి పెద్ద మరమ్మతు చేయాల్సినది. సీ2బీ అంటే జనం ఉండగానే మరమ్మతు చేయగలిగినది. సీ3కి చిన్న మరమ్మతు చాలు. మాది సీ2బీ. లక్షలు పోసి బాగుచేస్తే ఎనిమిది, పదేళ్ళు వస్తుందని, ఆ తర్వాత మళ్ళీ మొదటికేనని ఇంజినీరు చెప్పాడు.

పాత ముంబై నేర్పిన పాఠం

దక్షిణ ముంబైలో సమస్య మాకంటే పాతది. 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం అద్దెలను 1940 నాటి స్థాయిలో కట్టేసింది. అద్దెకున్నవాళ్ళకు అది పెద్ద రక్ష. కానీ నెలకు పదులు, వందల రూపాయల అద్దె వచ్చే బిల్డింగుకు యజమాని మరమ్మతు ఎందుకు చేయిస్తాడు? వరుసగా కట్టడాలు కూలడంతో 1969లో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి, ఆ బిల్డింగుల మీద సెస్సు వసూలు చేసి మరమ్మతు చేయించే బోర్డు పెట్టింది. ఇప్పుడు ఆ పని మ్హాడా కింద నడుస్తోంది. మొదట్లో 19 వేలకు పైగా ఉన్న ఈ సెస్సు బిల్డింగుల్లో వేలకు వేలు నేటికీ నిలిచి ఉన్నాయి, జనంతో సహా.

వాటిలో కామాఠీపురా ఇళ్ళూ ఉన్నాయి. ఆ పేట పేరు మనవాళ్ళ నుంచి వచ్చిందే. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి కట్టడం పనికి వచ్చిన కామాఠీ కూలీలు అక్కడ స్థిరపడ్డారు. ఊరు కట్టినవాళ్ళ పేట ఇప్పుడు తానే కొత్త కట్టడం కోసం ఎదురుచూస్తోంది.

ఎదురుచూపు ఖరీదు ఒక్కోసారి ప్రాణమే. 2017 ఆగస్టు 31న భెండీబజార్ ప్రాంతంలో హుసైనీ బిల్డింగు కూలి 33 మంది చనిపోయారు. వందేళ్ళు దాటిన ఆ కట్టడం అప్పటికే పునర్నిర్మాణ పథకంలో ఉంది. కొన్ని కుటుంబాలు ఖాళీ చేశాయి, కొన్ని ఉండిపోయాయి.

ఖాళీ చేసినవాళ్ళంతా సుఖపడ్డారా అంటే అదీ లేదు. గోరేగావ్ పత్రా చాల్‌లో 672 కుటుంబాలు ఇళ్ళు అప్పగించి పదేళ్ళు దాటినా కొత్త ఇల్లు చూడలేదు. చివరికి మ్హాడాయే పని చేపట్టాల్సి వచ్చింది. మరోవైపు వర్లీ బీడీడీ చాళ్ళు ఉన్నాయి. 1920ల నాటి 160 చదరపు అడుగుల గదులవి. ప్రభుత్వ సంస్థే కట్టడంతో 2025 ఆగస్టులో 556 కుటుంబాలు 500 చదరపు అడుగుల ఇళ్ళ తాళాలు అందుకున్నాయి. అదీ ఎన్నో ఏళ్ళ తర్వాతే.

బిల్డరు ఉచితంగా ఎందుకు కడతాడు?

మా ఆవిడ మొదట అడిగిన ప్రశ్న ఇదే. స్థలం మీద ఎంత కట్టవచ్చో చెప్పే లెక్కను ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. వెయ్యి చదరపు మీటర్ల స్థలంలో ఎఫ్‌ఎస్‌ఐ 1 ఉంటే వెయ్యి మీటర్లు కట్టవచ్చు, 2.5 ఉంటే రెండున్నర వేలు. పాత బిల్డింగులు తక్కువ ఎఫ్‌ఎస్‌ఐ రోజుల్లో కట్టినవి. ఇప్పుడు అదనంగా కట్టుకోనిస్తారు. పాతవాళ్ళకు కాస్త పెద్ద ఇళ్ళు ఇచ్చి, మిగిలినవి అమ్ముకుని బిల్డరు ఖర్చూ లాభమూ రాబట్టుకుంటాడు. అంటే మన ఇళ్ళకు డబ్బు రావాలంటే కొత్త ఫ్లాట్లు అమ్ముడు కావాలి. మార్కెట్ పడిపోతే బిల్డరు ఆగిపోతాడు, అతనితోపాటు మనమూ ఆగిపోతాం.

ఆజీ అడిగిన ప్రశ్న

2017లో ఒక బిల్డరు వచ్చాడు. 45 శాతం అదనపు స్థలం, లిఫ్టు, కారుకు చోటు, ఫ్లాటుకింత చొప్పున రొక్కం. రంగుల బొమ్మలు చూసి మీటింగులో అందరి కళ్ళూ మెరిశాయి. నావీ మెరిశాయి. ఇరవై మంది సంతకానికి సిద్ధం.

మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ఆజీకి అప్పుడు 78 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పితో రోజుకు ఒక్కసారే మెట్లు దిగేది. ఆవిడ లేచి నావైపు చూసింది. "బ్యాంకువాలే, ఇతను మూడేళ్ళంటున్నాడు. మూడేళ్ళు ఆరేళ్ళయితే అద్దె ఎవరిస్తారు? మీ బ్యాంకులో అప్పిస్తే కాగితం రాయించుకోరా?"

ముప్పై ఏళ్ళు లోన్లు చూసినవాణ్ణి. కిరాణా కొట్టు అప్పుకి కూడా పూచీకత్తు అడిగినవాణ్ణి. నా ఇల్లు మొత్తం ఒకరి చేతికి అప్పిస్తూ ఒక్క ప్రశ్నా అడగలేదని అప్పుడు తెలిసొచ్చింది. సహకార హౌసింగ్ సొసైటీల పునర్నిర్మాణానికి మహారాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో, బిల్డరు ప్రాజెక్టు ఖర్చులో 20 శాతానికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని ఉంది. అది అడిగితే అతను నవ్వాడు. "గ్యారంటీ ఎందుకండీ, పోస్ట్‌డేటెడ్ చెక్కులిస్తాను" అన్నాడు. ఆ చెక్కుల విలువ నాకు బాగా తెలుసు. తర్వాత అతను మళ్ళీ రాలేదు. పక్క వీధిలో ఒక సొసైటీ వాళ్ళు అతనికే సంతకం చేశారు. పధ్నాలుగు నెలలకు అద్దె ఆగిపోయింది. పునాది గోతిలో రెండు వానాకాలాల నీళ్ళు నిలవడం మేమంతా చూశాం.

సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, స్థలం ఎవరి పేరున ఉంది? మా ఫ్లాట్లు మావే, కానీ కింది నేల 1979 నాటి బిల్డరు పేరునే ఉందని అప్పుడు బయటపడింది. దాన్ని సొసైటీ పేరుకు బదలాయించడాన్ని కన్వేయన్స్ అంటారు. పాత బిల్డరు సహకరించకపోతే అధికారి ద్వారా చేయించుకునే 'డీమ్డ్ కన్వేయన్స్' పద్ధతి ఉంది. మాకు ఆ కాగితాలు పోగుచేయడానికే రెండేళ్ళు పట్టింది.

రెండోది, అందరి సమ్మతి. 2019 జూలై మార్గదర్శకాల ప్రకారం మా మీటింగుకు మూడింట రెండొంతుల సభ్యులు హాజరు కావాలి, మొత్తం సభ్యుల్లో 51 శాతం ఒప్పుకోవాలి. మాకు 13 చాలు, 22 వచ్చాయి. మిగతా ఇద్దరి భయాలు కూడా కూర్చుని విన్నాం. వాళ్ళ మాటతోనే ఒప్పందంలో ఆలస్యానికి జరిమానా షరతు చేరింది.

మూడోది, తనఖా. బిల్డరు ప్రాజెక్టు లోనుకు తాను అమ్ముకునే భాగాన్ని మాత్రమే తనఖా పెట్టాలని, సభ్యుల ఫ్లాట్ల జోలికి రాకూడదని రాయించుకోవాలి. మీ పాత ఫ్లాటు మీద హౌసింగ్ లోను ఇంకా ఉంటే, కూల్చే ముందే బ్యాంకు అనుమతి తీసుకోవాలి. బ్యాంకు పూచీ ఆ గోడలే కదా.

నాలుగోది, మధ్య కాలం. అద్దె ఎంత, ఏటా ఎంత పెరుగుతుంది, ఎన్ని నెలలది ముందే జమ చేస్తాడు, ఇల్లు మారే ఖర్చు ఎవరిది అన్నవన్నీ ఒప్పందంలో ఉండాలి. మాటలు 'బిల్టప్'లో, కాగితం 'కార్పెట్'లో ఉంటే మోసపోతాం. కాళ్ళ కింద ఉండే కార్పెట్ ఏరియా ఎంతో ఫ్లాటువారీగా రాయించి, ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. రెరా ఉంది కదా అని ధీమా పడకూడదు. అది ప్రధానంగా కొత్తగా కొనేవాళ్ళకు అండ. పాత సభ్యులకు అసలు రక్ష ఆ ఒప్పందమే.

మనవైపు ఇళ్ళ మాట

హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో 1980లు, 90లలో లేచిన అపార్ట్‌మెంట్లకు ఇప్పుడు ఇదే వయసు వచ్చింది. విశాఖలో ఉప్పుగాలి కూడా ఉంది. అక్కడ సాధారణంగా నేల సొసైటీది కాదు. ప్రతి ఫ్లాటుకూ సేల్ డీడ్‌లో ఇన్ని గజాల అవిభక్త వాటా అని రాసి ఉంటుంది. ఒక్కరు సంతకం పెట్టకపోయినా పని నిలిచిపోయే అవకాశం ఎక్కువ. ఈ ఆదివారం మీ డీడ్ తీసి చూడండి. అన్ని ఫ్లాట్ల వాటాలూ కలిపితే మొత్తం స్థలం వస్తోందా? చనిపోయినవారి ఫ్లాట్లు వారసుల పేరుకు మారాయా? పెచ్చు ఊడకముందే ఇవి సరిచేసుకుంటే తర్వాత ఏళ్ళు కలిసొస్తాయి.

మేము రెండో బిల్డరుతో, గ్యారంటీ చేతిలో పెట్టుకుని, 2022 జనవరిలో ఖాళీ చేశాం. అద్దె ఒక్క నెలా ఆగలేదు. 2025 మార్చిలో తాళాలిచ్చారు. ఆజీ కొత్త ఇల్లు చూడలేదు. 2024 వానాకాలంలో అద్దె ఇంట్లోనే పోయింది. ఆవిడ తాళంచెవి కూతురు వచ్చి తీసుకుంది. లిఫ్టులో మూడో అంతస్తు నొక్కి, "అమ్మ దీన్ని ఒక్కసారైనా ఎక్కాలనుకుంది" అంది.

బిల్డరు ఆలస్యం చేసింది మూడు నెలలే. కన్వేయన్స్ కాగితాలకు పోయిన రెండేళ్ళు మావి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎవరమూ తెరవని ఒక ఫైలు వల్ల పోయిన రెండేళ్ళవి.