కెమెరాకు ఏ సంచి మేలు?

చలికాలంలో పులికాట్ సరస్సు దగ్గర రాజహంసలను చూడటానికి నడిచి వెళ్లేవారిలో చాలామంది భుజాన కెమెరా సంచి వేలాడుతుంటుంది. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కానీ సంచి జారి రాతిమీద పడితే లోపలి కెమెరా బతుకుతుందా, లేదా? సంచి ధరను చూసి ఇది చెప్పలేం. కాస్త భౌతికశాస్త్రం తెలిస్తే చెప్పవచ్చు.

ఒక కిలో కెమెరా మీటరు ఎత్తు నుంచి పడిందనుకోండి. నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు సుమారు 4.4 మీటర్లు. ఎంత దూరంలో ఈ వేగం సున్నా అవుతుందన్నదే అసలు సంగతి. రాతిమీద పడి ఒక్క మిల్లీమీటరులో ఆగిందనుకుందాం. అప్పుడు కెమెరా మీద పనిచేసే సగటు బలం దాని బరువుకు దాదాపు 1000 రెట్లు. అంటే టన్ను బరువు మోపినట్లే! అదే సంచిలోని మెత్త ఒక సెంటీమీటరు అణిగితే, ఆ బలం 100 రెట్లకు దిగుతుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగడం ఇందుకే కదా!

అయితే మెత్త ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదా? కాదు. గిన్నెలు తోమే స్పాంజిని వేళ్ల మధ్య నొక్కి చూడండి. పూర్తిగా అణిగిపోతుంది. కెమెరా బరువుకూ అది అలాగే ముందే అణిగిపోయి, మిగిలిన దెబ్బను నేలకు వదిలేస్తుంది. ఇప్పుడు హవాయి చెప్పు అడుగును నొక్కండి. కొంచెమే అణిగి ఎదురు తంతుంది. స్పాంజిలోని గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకొని ఉంటాయి కాబట్టి గాలి బయటికి పారిపోతుంది. చెప్పులోని గదులు మూసి ఉంటాయి. గాలి లోపలే నలిగి స్ప్రింగులా పనిచేస్తుంది. అందుకే చెప్పు నీళ్లు పీల్చదు కూడా. కెమెరాకు చెప్పు మరీ గట్టి. గదులు మూసి ఉండి, దానికంటే కొంచెం మెత్తనైన ఫోమ్ కావాలి. సంచి కొనేటప్పుడు పక్కలనే కాదు, అడుగునూ బొటనవేలితో నొక్కి చూడండి. దెబ్బ ఎక్కువగా తగిలేది అక్కడే. కటకానికీ కెమెరాకూ మధ్య కూడా ఒక మెత్త ఉండాలి.

ఇంట్లో ఒప్పుకుంటే, పాలిథిన్ సంచిలో కోడిగుడ్డు పెట్టి, అరమీటరు ఎత్తు నుంచి స్పాంజి మీదా, ఫోమ్ మీదా వదిలి చూడండి. పగిలినా అట్టు వేసుకోవచ్చు!

పట్టీ సంగతి తేలిక. 2 సెంటీమీటర్ల పట్టీకి బదులు 5 సెంటీమీటర్లది ఉంటే భుజం మీద పీడనం రెండున్నర వంతులు తగ్గుతుంది. దాన్ని అడ్డంగా వేసుకుంటే సంచి ఊగదు.

ఇక తేమ. వానకు తట్టుకునే గుడ్డ ఉన్నా, కుట్టు వేసిన సూది రంధ్రాల్లోంచీ, జిప్పులోంచీ నీరు దిగుతుంది. జిప్పును కప్పే మూత ఉన్న సంచి మేలు. తోలు సంచి అందంగానే ఉంటుంది. కానీ తోలు తేమను పట్టి ఉంచుతుంది. అందులో నెలల తరబడి మూసి ఉంచిన కటకంపై సాలెపోగుల్లాంటి బూజు పెరగవచ్చు. అది గాజు పైపూతనే పాడుచేస్తుంది. సంచి నడకకే గాని దాచడానికి కాదు.

వేసవిలో ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను సముద్రపు ఒడ్డున బయటికి తీస్తే, చల్లని నీళ్ల గ్లాసుకు పట్టినట్లే కటకానికి చెమ్మ పడుతుంది. అప్పుడు సంచిని తెరవకుండా అరగంటో గంటో ఆగండి. మెత్తలోని గాలి వేడిని నెమ్మదిగా లోపలికి రానిస్తుంది. కెమెరా బయటి గాలంత వెచ్చబడ్డాక జిప్పు తీయవచ్చు.