అన్నం పెట్టే వేళ - బిడ్డకు పడనిది ఏదో కనిపెట్టడం

ఈ పేజీలలో మేము ఎక్కువగా దూడల సంగతే రాస్తూ ఉంటాము. జున్నుపాలు ఎప్పుడు తాగించాలి, దాణా ఎప్పుడు అలవాటు చేయాలి, పారుడు పడితే ఏం చేయాలి - ఇవి మన సభ్యులకు కంఠోపాఠం. ఈసారి పాకలోని దూడను వదిలి, ఉయ్యాలలోని బిడ్డ సంగతి చెప్పదలచుకున్నాము.

పి.గన్నవరం దగ్గర ఒక సభ్యుల ఇంట జరిగినది ఇది. పేర్లు అక్కరలేదు. ఆడపిల్ల కనుక ఏడో నెలలో అన్నప్రాశన పెట్టుకున్నారు. ఇంటి గేదె పాలతోనే పాయసం వండారు. రెండు మార్లు నాకించిన పావుగంటకు బిడ్డ మూతి చుట్టూ, మెడ మీద ఎర్రని దద్దుర్లు లేచాయి. ఒకసారి కక్కింది. చుట్టాలంతా చూశారు గనుక దిష్టి తగిలిందని మామ్మగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. గంటకు దద్దుర్లు అణిగాయి. దిష్టే అని ఖాయమైపోయింది.

పదిరోజులకు పెరుగన్నం పెడితే మళ్లీ అదే వరస. గేదెపాలు బరువు, ఆవుపాలు చలవ అని ఎవరో చెప్పగా ఆవుపాలు వాడిక పెట్టించారు. మళ్లీ అంతే. అప్పటికి ఇంటిల్లిపాదికీ భయం పట్టుకున్నది. ముందురోజు తిన్న పప్పు మానిపించారు. చక్కెరకేళి జలుబు చేస్తుందని మానిపించారు. గుడ్డు వేడి అన్నారు, చేప నీచు అన్నారు. పదో నెల వచ్చేసరికి ఆ బిడ్డకు తల్లిపాలు, గంజి తప్ప మరేమీ మిగలలేదు. అంగన్‌వాడీలో తూకం వేస్తే రెండు నెలలుగా బరువు కదలలేదు.

పిల్లల డాక్టరు అడిగినవి నాలుగు ప్రశ్నలే. ఏం పెట్టారు? ఎంత పెట్టారు? ఎంతసేపటికి వచ్చింది? ఎన్నిసార్లు అలా జరిగింది? జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తే వచ్చిన ప్రతిసారీ పాలు ఉన్నాయి. పప్పు పెట్టిన పూట, అరటిపండు పెట్టిన పూట ఏమీ జరగలేదు. వాటిని ఊరికే అనుమానించారు.

మన కేంద్రంలో ఎలా చేస్తామో చూడండి. పోగుచేసిన పాలు విరిగితే ఊరందరి పాలూ చెడ్డవని తేల్చము. ఏ క్యాను, ఎవరిది, ఏ పూటది అని ఒక్కొక్క నమూనా తీస్తాము. బిడ్డ తిండి విషయంలో మాత్రం క్యానులన్నీ ఒకేసారి కాలవలో పారబోస్తున్నాము.

ఎలర్జీ అంటే తిండిలోని మాంసకృత్తులను శరీరం శత్రువుగా పొరబడటం. చాలాసార్లు అది నిమిషాలలో, మహా అయితే రెండు గంటలలో బయటపడుతుంది: దద్దుర్లు, పెదవులు కళ్లు ఉబ్బడం, వాంతి. ఇంకొక రకం నెమ్మదిగా వస్తుంది. తిన్న గంట నుంచి నాలుగు గంటలలోపు ఆగకుండా వాంతులై బిడ్డ పాలిపోయి వడలిపోవడం, లేదా రోజుల తరబడి విరేచనంలో జిగురు, నెత్తురు కనిపించడం దాని గుర్తులు. ఈ రెండో రకం అరుదుగా వరి అన్నంతో కూడా రావచ్చును.

ఇది కాక, పాలలోని చక్కెర అరగకపోవడం వేరే సంగతి. విరేచనాలు తగిలి లేచిన బిడ్డకు కొన్నాళ్లు పాలు తాగితే కడుపు ఉబ్బరం, నీళ్ల విరేచనం ఉంటాయి. అది ఎలర్జీ కాదు, తగ్గిపోతుంది. ఇక మరగని పాలు, సరిగా కడగని సీసా, కాలవనీళ్లు కలిపిన జావ - వీటివల్ల వచ్చే విరేచనాలకు కూడా 'పాలు పడలేదు' అనే పేరే పెడుతున్నాము. సీసాను అసలు వాడవద్దు. గిన్నె, చెంచా చాలు.

పాలు అమ్ముకుని బతికే మనమే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. పసిపిల్లలలో ఎలర్జీ తెచ్చే ముఖ్యమైన తిండ్లలో పాలు ఒకటి. ఆవుపాలు పడని బిడ్డకు గేదెపాలు గాని మేకపాలు గాని మందు కావు. వాటిలోని మాంసకృత్తులు ఇంచుమించు ఒక్కటే. ఎంత మరిగించినా ఆ గుణం పోదు. తోడు పెడితే పోదు. కోనసీమలో కొబ్బరిపాలకు కొదవ లేదు గాని, అవి పాలకు బదులు కావు. బిడ్డ పెరుగుదలకు కావలసినంత మాంసకృత్తులు, సున్నం వాటిలో లేవు. తల్లిపాలు చాలని బిడ్డకు ప్రత్యేకమైన డబ్బాపాలు కావలసివస్తే అది డాక్టరు రాసి ఇవ్వవలసినదే.

ఎలర్జీ లేని బిడ్డకైనా ఏడాది నిండేవరకు పశువు పాలను ముఖ్య ఆహారంగా పట్టరాదు. వాటిలో ఇనుము చాలా తక్కువ, బిడ్డకు రక్తం పట్టదు. వంటలో కొద్దిగా పాలు, రెండు చెంచాల పెరుగు ఆరు నెలలు నిండినాక పెట్టవచ్చును.

తల్లిపాలు మాత్రం ఆపకూడదు. తల్లి తాగిన పాల అంశ కొద్దిగా బిడ్డకు చేరేమాట నిజమే. బిడ్డకు ఇంకా గుర్తులు కనిపిస్తూ ఉంటే డాక్టరు తల్లిని రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ మానిచూడమనవచ్చు. రెండు పూటలా గేదె పితికే ఇల్లాలికి పెరుగు లేని అన్నం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే ఆ మానడం డాక్టరు చెప్పిన గడువు వరకే. ఆ రోజులలో ఆమెకు రాగులు, నువ్వులు, మునగాకు, ముల్లుతో తినే చిన్నచేపలు పెట్టాలి. బాలింత పథ్యం పేరిట ఇప్పటికే సగం తిండి మానిన మనిషి చేత మిగిలిన సగమూ మాన్పించకండి.

మరి కొత్త తిండి ఎలా మొదలుపెట్టాలి? బిడ్డకు ఒంట్లో బాగున్న రోజున, పొద్దుటిపూట, ఒక్క కొత్త వస్తువు అరచెంచాతో మొదలుపెట్టండి. రెండు మూడు రోజులు అదే పెంచుతూ పెట్టి చూసి, మరొకటి కలపండి. సాయంత్రం వద్దు, రాత్రి దద్దుర్లు లేస్తే దీపం వెలుతురులో కనపడవు, బండి దొరకదు. వైనతేయ పాయ దాటవలసిన లంకలవారు వరద రోజులలో కొత్త తిండి జోలికి పోకపోవడం మంచిది. పాల పాసుపుస్తకంలో పూటపూటకూ రాయించుకుంటాము గదా, అలాగే ఒక కాగితం మీద తిండి, వేళ, ఏం జరిగింది రాసిపెట్టండి. దిష్టి తీసుకోండి, మేము కాదనము. తీసిన వేళ కూడా రాయండి.

గుడ్డు, చేప, రొయ్య, వేరుశనగ ఏడాది దాటేదాకా వద్దనే మాట ఇంకా వినిపిస్తున్నది. ఒకప్పుడు పెద్ద డాక్టర్లూ అదే చెప్పారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో గుడ్డు రెండేళ్ల వరకు, వేరుశనగ, చేప మూడేళ్ల వరకు ఆపమన్నది. 2008లో ఆ సలహాను విరమించుకున్నది. లండనులో 640 మంది పసిపిల్లల మీద జరిగి 2015లో వెలువడిన పరిశోధన ఇంకా స్పష్టం చేసింది. వాళ్లంతా ఎగ్జిమా ఎక్కువగా ఉన్నవారో, గుడ్డు పడనివారో. చర్మ పరీక్షలో తేడా కనపడనివారిలో వేరుశనగ చిన్నప్పటి నుంచి తిన్న పిల్లలకు అయిదో ఏట ఆ ఎలర్జీ నూటికి ఇద్దరికి లోపు. మాన్పించిన పిల్లలలో నూటికి 13 మందికి పైగా. అయితే ఒంటినిండా పొడి దురద చర్మం ఉన్న బిడ్డకు, ఇదివరకే ఒక తిండి పడని బిడ్డకు వేరుశనగ, గుడ్డు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. వేరుశనగ గింజ మాత్రం ఏ పసిబిడ్డకూ ఇవ్వరాదు, గొంతుకు అడ్డుపడుతుంది. మెత్తగా నూరి జావలో కలపాలి. తేనె ఏడాదిలోపు అసలే వద్దు.

రక్తపరీక్ష చేయించి, అందులో వచ్చిన జాబితా ప్రకారం అన్నీ మానిపించేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. బెంగళూరు, మైసూరు ప్రాంతాల బడిపిల్లలను చూసి 2020లో ప్రకటించిన అధ్యయనంలో, పరీక్షలో తేడా కనిపించినవారు చాలామందే ఉన్నారు గాని, నిజమైన తిండి ఎలర్జీ ఉండవచ్చునని తేలినవారు వెయ్యికి ఒకరిద్దరే. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదే ముఖ్యం.

ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, నాలుక ఉబ్బినా, బిడ్డ వేలాడిపోయినా చిట్కాలతో కాలక్షేపం చేయవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. అక్కడ తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షనే ప్రాణం నిలబెట్టేది. ముక్కులో నూనె వేయడం, చురకలు పెట్టడం అపాయం.

పాలు పడవని తేలిన బిడ్డ సంగతి అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పాలి. బాలామృతంలో పాలపొడి ఉన్నది. బిస్కెట్ల అట్ట మీద కూడా చదవాలి.

మేము చెప్పిన ఇంటి పిల్లకు పెసరపప్పు, అరటిపండు, గుడ్డు, ముళ్లు తీసిన చేప ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. రెండో నెల తూకంలో కాటా కదిలింది. పాలు పడని పిల్లలలో ఎక్కువమందికి బడి ఈడు వచ్చేసరికి అది పోతుంది. అందుచేత ఏడాదికొకసారి డాక్టరు ఎదుటనే పరీక్షించి చూస్తారు. రెండో ఏట ఆ పిల్లకు ఆసుపత్రిలోనే పాలు కలిపి కాల్చిన బిస్కెట్టు ముక్క ఇచ్చి రెండు గంటలు కూర్చోబెట్టారు. ఏమీ కాలేదు. పచ్చిగా పెరుగు తినడానికి ఇంకా సమయం ఉన్నదన్నారు. మామ్మగారు పెరుగు గిన్నె ఎత్తుగా అటక మీదనే ఉంచుతున్నారు.